దుప్పి దప్పిక తీర్చిన నగారా

అనగనగా ఒక అడవి, ఆ అడవి నడిమధ్య ఓ కోట. కాళ్ళాడించకే బుజ్జీ, దుప్పటి ఊడిపోతోంది! కోటంటే అలాంటిలాంటి కోట కాదు, ఏడు బురుజులు. బురుజుకో నెమలి. చుట్టూ దుప్పులు, కణుజులు, ఎలుగుబంట్లు. చూడ్డానికి రెండు కళ్ళూ చాలవనుకో.

ఆ కోట రాజుగారికి వేటంటే ప్రాణం. వేటకి బయల్దేరే ముందు ద్వారం మీద రాగి నగారా మోగాలి. చుట్టాలొచ్చినా అదే మోగాలి. అది వాళ్ళ ఆచారం. ఈదయ్య అనే ఆయన దాన్ని కొట్టేవాడు. తాతల నాటి నగారా కదా, రోజూ తుడిచి దణ్ణం పెట్టుకునేవాడు.

కొన్నాళ్ళకి రాజుగారు పోయారు. కోట ఆయన కూతురు మాణిక్యాంబ చేతికొచ్చింది. ఆ ఏడు ఎండలు, అబ్బో, మండిపోయాయి! వాగులన్నీ ఎండిపోయాయి. నీళ్ళున్నది కోటలోపలి దిగుడుబావిలోనే. ద్వారం బయట ఓ దుప్పిపిల్ల నాలుక బయటపెట్టి పడి ఉంది. అది చూసి మాణిక్యాంబ ద్వారం దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"తలుపులు తెరువు ఈదయ్యా. చుట్టాల్ని పిలిచినట్టు వాటిని నీళ్ళకి పిలువు" అంది.

అప్పుడు ఈదయ్య నగారా మోగించాడు. ఢాం ఢాం! ఇంకేముంది, దుప్పులన్నీ పరుగో పరుగు. ఆ పిల్ల కూడా పడుతూ లేస్తూ పారిపోయింది. రెండో రోజు, వినబడలేదేమోనని ఇంకా గట్టిగా కొట్టాడు, పిచ్చి మారాజు! బురుజుల మీది నెమళ్ళు కూడా ఎగిరిపోయాయి.

మూడో రోజు నగారా ముట్టుకోలేదు. దాని పక్కనే కూలబడ్డాడు.

"అమ్మగారూ, వేటకని ఇది మోగిన ప్రతిసారీ వాటిల్లో ఒకటి చచ్చింది. ఇక ఎలా వస్తాయండీ?" అని ఏడ్చేశాడు.

"మరేం చేద్దాం ఈదయ్యా?" అంది మాణిక్యాంబ.

ఈదయ్య కత్తి తీశాడు. "తాతా, ఏమనుకోకు" అని దణ్ణం పెట్టి, నగారా తోలు కోసేశాడు. ఆ తర్వాత గుండిగలా మిగిలిన ఆ రాగి డొల్లని ద్వారం ముందు మట్టి కుదురులో కూర్చోబెట్టాడు. మాణిక్యాంబ తనే బావిలోంచి బిందెలతో మోసి నింపింది. ఎంత మంచి తల్లో! ఇద్దరూ తలుపు చాటున ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.

పొద్దువాలేసరికి ఆ దుప్పిపిల్ల వచ్చింది. తూలుతూ తూలుతూ వచ్చి, మూతి పెట్టి గుటగుటా తాగింది.

"అమ్మగారూ, విన్నారా? నా నగారా ఇంత బాగా ఎప్పుడూ మోగలేదండీ" అన్నాడు ఈదయ్య.

ఆ రోజుతో వేట బంద్. ఇప్పుడదంతా పెద్ద పార్కు చేశారు. కోట చూడ్డానికి జనం బస్సుల్లో వెళ్తారు. నగారా మాత్రం అక్కడే, నిండా నీళ్ళతో.

నగారా మూగపోయె,
దుప్పి దప్పిక పోయె,
కథేమో కంచికి పోయె,
మా బుజ్జి నిద్దరపోయె!