గట్టు అవతలి చేను

మా గురువుగారిని ఏది అడిగినా సూటిగా చెప్పరు. ఎవరిదో ఒకరి సంగతి ఎత్తుకుంటారు. మొన్న వరద తీశాక విశ్వపతి మొహం వేలాడేసుకుని వచ్చాడు. చేలో మోకాలెత్తు ఒండ్రు మేట వేసిందట, కూలీలను పెట్టి ఎత్తి పారబోయిస్తున్నాడట. "గురువుగారూ, ఏటిగట్టు ఇంకెంత ఎత్తు వేస్తే మా ఊరు మునగకుండా ఉంటుంది?" అని అడిగాడు.

గురువుగారు గడ్డం నిమురుకుని మొదలుపెట్టారు.

గోగుల్లంక అని ఒక పల్లపు ఊరు. ఊరంతా కలిసి ఏటికి గట్టు వేసుకున్నప్పుడు, మంగాయమ్మ అనే ఒంటరి మనిషి చేనూ గుడిసే గట్టుకి అవతల, ఏటివైపు ఉండిపోయాయి. "నీ ఒక్కదాని కోసం గట్టు వంకర తిప్పమంటావా?" అన్నాడు ఊరిపెద్ద రామభద్రుడు. ఆవిడ తగవు పెట్టుకోలేదు. చేను చుట్టూ రెల్లు నాటుకుంది. ఏటేటా వరద వచ్చి, ఆ రెల్లులో నెమ్మదించి, మోసుకొచ్చిన ఒండ్రు అక్కడ దించి పోయేది. ఆవిడ దాన్ని చదును చేసి చిక్కుడు పాదులు పెట్టుకునేది. ఆ చేనుకి ఊళ్ళోవాళ్ళు "ఏటికి వేసిన విస్తరి" అని పేరు పెట్టి నవ్వుకునేవారు.

గట్టు ఇవతల ఊరికి మాత్రం గుప్పెడు ఒండ్రు అందలేదు. దిగే చోటు లేక ఆ మన్నంతా ఏటి కడుపులోనే పడింది. ఏరు పైకి లేచిన కొద్దీ ఊరు గట్టు లేపింది. అలా ఏరూ ఊరూ పంతాలకు పోతూండగా ఒక ఏడు గండి పడింది. ఇళ్ళ చూరుల దాకా నీళ్ళు. జనం పిల్లల్ని ఎత్తుకుని గట్టెక్కితే, ఆ గట్టూ కాళ్ళ కింద కరిగిపోతోంది. చుట్టూ చూస్తే మంగాయమ్మ చేను ఒక్కటే మిట్టగా కనబడింది. అక్కడ నీళ్ళు చీలమండ దాటలేదు.

మనవరాలిని భుజాన వేసుకున్న రామభద్రుడు ఆ చేను అంచున ఆగిపోయాడు. ఏ మొహం పెట్టుకుని అడుగు వేస్తాడు?

"సిగ్గు తర్వాత పడుదువుగాని తమ్ముడూ, ముందు పిల్లని ఇలా తే," అని చేతులు చాచింది మంగాయమ్మ. ఊరంతా ఎక్కేసరికి ఆవిడ పాదులన్నీ కాళ్ళ కింద నలిగిపోయాయి. ఆవిడ అటు చూడనైనా లేదు. చెప్పొద్దూ, అది వింటూ మేమంతా ఆవిడకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాం.

"ఈ నేల ఇంత ఎత్తు ఎలా చేయించావక్కా?" అన్నాడట రామభద్రుడు, కాస్త తెప్పరిల్లాక.

"నేనేం చేయించలేదు. ఏరు చుట్టం లాంటిది, ఒట్టి చేతులతో రాదు. తెచ్చింది దించుకోనిచ్చాను."

విశ్వపతి ఇంకా గట్టు ఎత్తు చెప్తారేమోనని చూస్తున్నాడు. గురువుగారు లేచి కండువా దులుపుకున్నారు.

"ముందు ఇంటికెళ్ళి ఆ కూలీలను ఆపు నాయనా."