వరహాలమ్మగారు రోలు జరిపించిన రోజు

వరహాలమ్మగారిని ప్రశ్న అడిగినవాళ్ళెవరూ జవాబు పట్టుకుని ఇంటికి వెళ్ళిన దాఖలా లేదు. అడిగినదానికి సూటిగా చెబితే ఆవిడ సొమ్మేం పోయిందో ఎవరికీ అంతు చిక్కదు. విజయనగరంలో ఏళ్ళ తరబడి హరికథలు చెప్పి, మోకాళ్ళు మొరాయించాక గజ్జెలు విప్పేసి, ఇంటి వసారాలో కొందరు ఆడపిల్లలకు కథ నేర్పుతూ కూచున్న మనిషి ఆవిడ. ఒకసారి ఒక శిష్యురాలు, "అమ్మగారూ, జనాన్ని చూస్తే నా గొంతు పెగలడం లేదు, ఏం చెయ్యమంటారు?" అని అడిగింది. "బజారుకెళ్ళి కిలో వంకాయలు బేరమాడి పట్టుకురా. పుచ్చులుంటే వెనక్కిచ్చి వేరేవి తీసుకో" అన్నారావిడ. ఆ పిల్ల వంకాయలమ్మే మనిషితో బజారు దద్దరిల్లేలా పోట్లాడి, మంచి వంకాయలతో తిరిగొచ్చింది. గొంతు సంగతి మళ్ళీ ఎత్తలేదు. అలాంటి మనిషి దగ్గరికి హైమవతి అనే ఇంకో శిష్యురాలు తన పొట్ట మీది చారల సంగతి పట్టుకుని వెళ్ళింది. పాపం, ఇంకెవర్నీ అడగలేకనే వెళ్ళింది.

హైమకి ఏడో నెల. ఒకరోజు స్నానం చేస్తూ చూసుకుంటే బొడ్డు కింద ఎర్రటి గీతలు కనిపించాయి. దురద పుట్టి తనే గోక్కున్నానేమో అనుకుంది. కాదు. వారం తిరిగేసరికి అవి పక్కలకు పాకి, నేరేడుపండు రంగుకి తిరిగాయి. ఇక చూడండి, ఫోను పట్టుకుని కూచుంది. అందులో బిడ్డని కని నెల తిరక్కుండానే అద్దంలాంటి పొట్టలతో నవ్వే ఆడవాళ్ళు, పూసిన వారంలో మచ్చ మాయమనే క్రీము గొట్టాలు. ఆ గొట్టాలూ తెప్పించింది, బియ్యం డ్రమ్ము వెనక దాచి మొగుడు లేనప్పుడు పూసుకుంది. వాసన మిగిలింది, చారలూ మిగిలాయి. చివరికి తనంతట తానే ఒక లెక్క తేల్చుకుంది. పొట్ట పెరిగేకొద్దీ చారలు పెరుగుతున్నాయి కాబట్టి, పొట్టని పెరగనివ్వకపోతే సరి.

హరికథ చెప్పేవాళ్ళు కథకి లేచే ముందు నడుముకి ఉత్తరీయం బిగించి కట్టుకుంటారు. నిలబడి గంటల తరబడి పాడాలి, గజ్జె కట్టి అడుగు వెయ్యాలి, నడుముకి ఆ ఆసరా ఉండాలి. నెల తప్పిన దగ్గర్నుంచీ హైమని గజ్జె కట్టనివ్వలేదు వరహాలమ్మగారు, కూచుని పాడమన్నారు అంతే. కాని ఆ ఉత్తరీయం హైమ పెట్టెలోనే ఉందిగా. దాన్ని చీర కింద పొట్టకి చుట్టి, పళ్ళు బిగబట్టి ముడి వేసుకోవడం మొదలుపెట్టింది. లేచింది మొదలు పడుకునేదాకా అదే కట్టు. రాత్రి అన్నం మానేసింది. మొగుడు అడిగితే అరగడం లేదంది. ఆయన బిడ్డ కదలిక చూస్తానని చెయ్యి చాస్తే నిద్రొస్తోందని అటు తిరిగి పడుకుంది. చీర మార్చుకోవాలంటే తలుపు గడియ వేసుకుంది. మొన్న ఆస్పత్రిలో నర్సు, "నెలైనా బరువు ఇంత కూడా పెరగలేదేమ్మా? లోపలిది పెరగాలా వద్దా?" అని గట్టిగానే అడిగింది. ఇంటికొచ్చి కట్టు విప్పింది, అద్దం ముందు నిలబడింది, ఏడ్చింది, మళ్ళీ కట్టుకుంది.

ఆ సాయంత్రం పాఠం అయ్యాక మిగతా పిల్లలు వెళ్ళిపోయారు. హైమ మాత్రం తాళం వేసే చిరతలు గుడ్డలో చుడుతూ, చుట్టినవి విప్పుతూ, "అమ్మగారూ, మా పిన్ని కూతురికి నెలలు నిండుతున్నాయి. పొట్ట మీద చారలు పడ్డాయట, ఒకటే ఏడుపు. అవి పోయే మార్గం ఏదైనా ఉందాండీ?" అని అడిగింది.

వరహాలమ్మగారు తమలపాకు ఈనె తీస్తున్నవారు తలెత్తకుండానే, "మీ పిన్నికి ఆడపిల్లలే లేరు కదే, మగపిల్లల పెళ్ళికి నన్ను పిలిచారు కూడానూ" అన్నారు.

హైమకి తలకొట్టేసినట్టయింది. చెంగుతో మొహం కప్పుకుంది. ఆవిడ ఇంకేమీ అనకుండా, మొన్న నేర్పిన చరణం ఊపిరి తెగకుండా పాడమన్నారు. హైమ ఎత్తుకుంది. సగంలో తెగింది. మళ్ళీ ఎత్తుకుంది, మళ్ళీ అక్కడే తెగింది. రెండు నెలల కిందట ఇదే పిల్ల దాన్ని పాడి, పైన ఇంకో నాలుగు స్వరాలు కూడా తగిలించి దెబ్బలు తినబోయింది. వరహాలమ్మగారు లేచి వచ్చి హైమ నడుం మీద చెయ్యి వేశారు. చీర కింద ముడి చేతికి తగిలింది. ఎంత బిగుతుగా ఉందో చూద్దామని వేలు దూర్చబోతే వేలు దూరలేదు.

ఇక అక్షింతలు తప్పవనుకుంది హైమ. తిడితే ఎలా ఉండేదో గాని, తిట్టకపోయేసరికి ఆ పిల్ల ఆగలేక బావురుమంది. గొట్టాలు, రాత్రి పస్తులు, నర్సు అన్న మాట, అన్నీ వెళ్ళగక్కేసింది. "ఇది విప్పితే చారలు పాకుతాయని భయం అమ్మగారూ. కట్టుకుంటే లోపల బిడ్డ ఏమైపోతుందోనని భయం. ఆయన చూస్తే ఏమంటారోనని ఇంకో భయం. నా ఒళ్ళు నాకే చూడబుద్ధి కావడం లేదు. ఏం చెయ్యమంటారో చెప్పండి."

వరహాలమ్మగారు ఆకు నోట్లో పెట్టుకుని తీరిగ్గా నమిలారు. "నిన్ను తీసికెళ్ళడానికి మీ ఆయన వచ్చే వేళైందా?"

"వస్తూంటారు."

"రానీ. పెరట్లో రోలు జరపాలి, పనుంది వాడితో."

"అమ్మగారూ, మీకు దణ్ణం పెడతాను, ఆయనతో మాత్రం చెప్పకండి!"

"ఇంతవరకు నేనెవరికేం చెప్పాను?" అన్నారావిడ. అదీ నిజమే.

హైమ మొగుడు గౌరునాయుడు కరెంటు ఆఫీసులో ఉద్యోగస్తుడు. ఉద్యోగం పొట్టకూటికి, ప్రాణం మాత్రం వ్యాయామశాలలో బరువుల మీద. జిల్లా పోటీల్లో ఇనుము ఎత్తినవాడు. గుమ్మంలోంచి వస్తే వెనక వెలుతురు కనబడదు. రోలు జరపాలనగానే, అదెంత పనన్నట్టు చొక్కా విప్పి దండెం మీద పడేసి పెరట్లోకి నడిచాడు. హైమ వంటింటి గుమ్మం దగ్గర నిలబడిపోయింది. అమ్మగారు ఏ క్షణాన ఏం బయటపెడతారోనని చెవులు రిక్కించింది. నాయుడు మోకాళ్ళు వంచి, రోలు చుట్టూ చేతులు వేసి, ఊపిరి బిగబట్టి లేపాడు. నాలుగడుగులు నడిచి, కరివేపాకు మొక్క పక్కన మెల్లిగా దింపి, చేతులు దులుపుకున్నాడు. వరహాలమ్మగారు కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికొచ్చి అతని భుజం మీద వేలు పెట్టారు. చంక మడత దగ్గర్నుంచి భుజం పైదాకా తెల్లటి సన్న చారలు.

"ఇదేమిటి నాయుడూ, పిల్లి గాని రక్కిందా?"

"పిల్లేటమ్మగారూ!" అని నవ్వాడు నాయుడు. "ఇవి కండ చారలు. నేను బరువులు మొదలెట్టిన ఏడాది వొచ్చాయి. లోపల కండ గబగబా పెరిగిపోతాది కదా, పైనున్న తోలు దాంతో సమానంగా సాగలేక ఇలా గీతలు పడిపోతాయి. అప్పట్లో ఎర్రగా ఉండీవి, దురదంటే దురద కాదు. కొబ్బరినూనె రాసుకునీవోణ్ణి. దురద తగ్గింది గాని చారలెక్కడికి పోతాయి? రాన్రాను అవే తెల్లబడిపోయాయి."

"అయ్యో. చాలా బాధపడుంటావు."

"బాధా? మా మాస్టారు చూసి, 'వొచ్చీసాయిరా నీకు!' అని వీపు మీద ఒక్క చరుపు చరిచారు. వ్యాయామశాలలో అందరికీ చొక్కా విప్పి చూపించుకున్నాను. మాయమ్మ దిష్టి కూడా తీసింది."

"మరి అవి పాకకుండా ఏ గుడ్డో బిగించి కట్టుకోకపోయావా?"

నాయుడు ఆవిడ మొహంలోకి అనుమానంగా చూశాడు, వేళాకోళమేమోనని. కాదు, మొహం గంభీరంగానే ఉంది. "గుడ్డ కట్టీస్తే కండ ఎలాగొస్తాదమ్మగారూ?"

"పోనీ, తిండి తగ్గించావా?"

"తగ్గించడమా! రెండింతలు తిన్నాను. వండలేక మాయమ్మ చచ్చిపోయీది."

వంటింటి గుమ్మం దగ్గర హైమ వింటోంది. ఆ చారలు ఆమెకి కొత్తవి కావు. పెళ్ళైన కొత్తలో వాటి మీద వేలు పెట్టి ఇవేమిటండీ అని అడిగింది తనే. కండ చారలని ఆయన చెబితే మురిసిపోయి, స్నేహితురాలికి ఫోన్ చేసి మరీ గొప్పలు పోయింది. ఆదివారం ఆదివారం ఆ భుజాలకి నూనె పెట్టి మర్దనా చేసేదీ తనే. ఇన్నాళ్ళలో ఒక్కనాడైనా అవి మచ్చలని గాని, పోతే బాగుండునని గాని తోచలేదు. తన పొట్ట మీద చూసి ఏడ్చినప్పుడు కూడా అవీ ఇవీ ఒకటేనని తట్టలేదు. ఎంత మొద్దు బుర్ర నాది అనుకుంది, సిగ్గేసింది, వెంటనే ఎవరి మీదో తెలియని కోపమూ వచ్చింది. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ముడి లాగింది. అది పట్టుకుపోయి ఉంది. పంటితో సాగదీసి విప్పింది. కట్టు కింద పొట్ట నిండా గుడ్డ ఒరుసుకున్న ఎర్రటి వాతలు. చారల కంటే అవే ఎక్కువ భయంకరంగా ఉన్నాయి. హైమ నిండుగా ఊపిరి పీల్చింది. లోపల బిడ్డ ఇటు నుంచి అటు మెల్లిగా తిరిగింది.

మళ్ళీ పెరట్లోకి వచ్చి, "ఏమండీ" అంది.

"ఎల్దామా?" అన్నాడు నాయుడు చొక్కా అందుకుంటూ.

"నాకూ వచ్చాయండీ."

"ఏటి?"

"అవే." పొట్ట మీద చెయ్యి పెట్టి చూపించింది.

నాయుడు ఆమె మొహం వైపు చూశాడు, పొట్ట వైపు చూశాడు. కళ్ళు ఇంతలేసి చేసుకుని, వ్యాయామశాలలో తోటివాణ్ణి అడిగినట్టు, "అబ్బో! ఎన్ని కేజీలేటి?" అని అడిగాడు.

హైమకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ఈ నెల పెరగలేదండీ. నేనే పెరగనివ్వలేదు" అని, దాచినదంతా చెప్పేసింది. నాయుడి మొహంలో నవ్వు ఇగిరిపోయింది. ఉన్నపళంగా వెళ్ళి రోలు మీద కూలబడ్డాడు.

"రోలు మీద కూచోకూడదు, లే" అన్నారు వరహాలమ్మగారు.

లేచాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు నిలబడి, "రాత్రులు అరగడం లేదంటే నిజమే అనుకున్నాను" అన్నాడు. "రేపు పొద్దున్నే ఇద్దరం ఆస్పత్రికెళ్దాం. ఈ ముక్క కూడా డాక్టరమ్మకి చెప్పు, దాచకు. దురదకి నూనె నేను రాస్తాను." హైమ తల ఊపింది. గడియ వేసుకున్న ఆ రోజులన్నీ తలుచుకుని, ఈ మనిషికి భయపడ్డానా అనుకుంది.

"సరే, ఆ రోలు మళ్ళీ ఎక్కడిదక్కడ పెట్టెయ్యి నాయనా" అన్నారు వరహాలమ్మగారు.

"ఇప్పుడే కదమ్మగారూ జరిపింది!"

"అక్కడే బాగుంది."

నాయుడు అయోమయంగా చొక్కా మళ్ళీ దండెం మీద వేసి రోలు మీదికి వంగాడు. హైమ ఆవిడ వెనకే వంటింట్లోకి నడిచింది. అంతా అయ్యాక కూడా ఆ పిల్లకి మనసులో ఒక ముల్లు ఉండిపోయింది. అడక్కపోతే నిద్ర పట్టేలా లేదు.

"అమ్మగారూ, నేనడిగింది మీరు చెప్పనేలేదు. ఈ చారలు పోతాయంటారా, పోవంటారా?"

వరహాలమ్మగారు పీట వాల్చి, కంచం పెట్టి, గిన్నె మూత తీశారు. వేడి అన్నం ఆవిరి పైకి లేచింది.

"ఒట్టి ఇనుము ఎత్తినవాడే రెండింతలు తిన్నాడట పిల్లా" అన్నారు. "కూచో."