ఎదురింటి తోడు

ఒక ఊళ్లో ఒక సన్నటి వీధికి అటూ ఇటూ రెండు ఇళ్లున్నాయి. ఎడమ వైపు ఇంట్లో ఒక యూదు ముసలమ్మ, ఆవిడ భర్త ఉండేవారు. కుడి వైపు ఇంట్లో ఒక ముస్లిం కుటుంబం ఉండేది. ఒకప్పుడు ఆ ఊళ్లో యూదుల ఇళ్లు అరవై. ఇప్పుడు మూడు. వెళ్లిపోయినవాళ్లని ఎవరూ తరమలేదు, ఎవరూ ఆపనూ లేదు.

ముసలమ్మ దగ్గర ఒక మట్టికుండలో పిండి తోడు ఉండేది. మనం పాలకి తోడు వేసినట్టే ఆ ఊరివాళ్లు రొట్టెల పిండిలో నిన్నటి పులిసిన ముద్ద కలుపుతారు. అది లేకపోతే రొట్టె పొంగదు. "ఏడుగురు రాజులు మారారు, మా తోడు మారలేదు. మా అమ్మమ్మకి అమ్మమ్మ నాటిది" అని ముసలమ్మ అందరికీ చెప్పుకునేది. సముద్రం అవతలికి వెళ్లిపోయిన తమ్ముడు మీరూ వచ్చెయ్యండని ఉత్తరం రాసినప్పుడల్లా, ఈ కుండని ఎవరు చూసుకుంటారని జవాబు రాసేది.

ఏటా వసంతంలో యూదులకి ఎనిమిది రోజుల పండగ. ఆ ఎనిమిది రోజులూ పులిసిన పిండి తినడమే కాదు, అది తమ సొత్తుగా ఉండటం కూడా తప్పే. అందుకని ముసలమ్మ పండగ ముందు రోజు కుండని ఎదురింటికి పట్టుకెళ్లి, "ఇది నీది" అని ఇచ్చేసేది. దాచిపెట్టమని ఇవ్వడం కాదు. తిరిగి వస్తుందని మనసులో అనుకున్నా ఇచ్చినట్టు కాదు. ఎదురింటావిడ తీసుకునేది. పండగ దాటిన సాయంత్రం, ఎవరూ అడక్కుండానే, అదే కుండని వేడి పాలతో, తేనెతో తెచ్చి ఇచ్చేది. ఇన్నేళ్లలో ఈ విషయం మీద ఇద్దరి మధ్యా ఒక్క మాట నడవలేదు. మాట లేకుండా సాగే పనులతో ఒకటే చిక్కు. వాటిని ఎవరూ ఎవరికీ నేర్పరు.

ఆ చలికాలం చివర్లో ఎదురింటావిడ చనిపోయింది. ఇంట్లో ఆడవాళ్లు ఇద్దరే మిగిలారు. కొండల నుంచి వచ్చిన కొత్త కోడలు ఒకరు, చనిపోయినావిడ అత్తగారు ఒకరు. ఆ అవ్వ మంచం దిగలేదు.

పండగ ముందు రోజు ముసలమ్మ వీధి దాటి కుండని కోడలి చేతిలో పెట్టి, "ఇది నీది" అంది. కోడలు మురిసిపోయింది. అత్తగారు పోయిన నలభయ్యో రోజు ఆ వారంలోనే వచ్చింది. ఆవిడ పేరు మీద పేదలకి రొట్టెలు పంచాలి. కోడలు కుండ అడుగుదాకా ఊడ్చి పిండిలో కలిపి మూడు తట్టల రొట్టెలు కాల్చింది. మొదటి రెండు రొట్టెలూ వేడివేడిగా గుడ్డలో చుట్టుకుని, ముందు ఇవ్వాల్సింది వీళ్లకేనని ఎదురింటి తలుపు తట్టింది.

ముసలమ్మ తలుపు తీసి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "లోపలికి తేకమ్మా. ఇప్పుడు వద్దు" అంది. పండగ అని చెప్పొచ్చు. కానీ పండగ మాటెత్తితే కుండ మాటొస్తుంది, కుండ మాటొస్తే తిరిగి అడిగినట్టే అవుతుంది. అందుకని అంతటితో ఊరుకుంది.

కోడలు రొట్టెలు వెనక్కి తెచ్చి తలుపేసుకుంది. "మన చేతి రొట్టె వాళ్లకి పనికిరాదట" అని మొగుడి దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది.

పండగ అయిపోయింది. సాయంత్రం ముసలమ్మ బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, వీధి తలుపు బార్లా తీసి కూర్చుంది. ఎదురింటి తలుపు తెరుచుకోలేదు.

"వెళ్లి అడుగు" అన్నాడు భర్త.

"ఇచ్చేసినదాన్ని ఎలా అడుగుతాను?"

"అయితే ఆ ఇంటికీ మనకీ ఉన్న సంబంధం ఆవిడతోనే పోయింది. మీ తమ్ముడి దగ్గరికి వెళ్లిపోదాం."

ముసలమ్మ కాదనలేదు. భర్త లేచి దుప్పట్లు చుట్టి తాడుతో కట్టడం మొదలుపెట్టాడు. ఆవిడకి ఏడుపొచ్చింది. కుండ కోసమా ఊరి కోసమా అంటే ఆవిడే చెప్పలేదు.

ఎదురింట్లో మంచం మీది అవ్వ కోడల్ని పిలిచింది. "ఏమే, పాలు కాచావా? ఇవాళ కుండ పట్టుకెళ్లాలి కదా."

"ఏ కుండ?"

అవ్వ అంతా చెప్పింది. కోడలు అక్కడే చతికిలబడింది. "నాదంటే నాదే అనుకున్నాను అవ్వా. మొత్తం కలిపేశాను."

"మన కుండలోది పెట్టి పట్టుకెళ్లు."

"అది వాళ్లది కాదుగా."

"నేను కాపరానికొచ్చిన ఏడు ఆ కుండని మేక బోర్లించింది. మనదే పెట్టి ఇచ్చాను. వాళ్లమ్మ రొట్టె చేసుకుని తిని, మా తోడుకున్న రుచి ఇంకెవరి తోడుకుంటుందీ అని నాతోనే అంది. వెళ్లు, నోరు మూసుకుని ఇచ్చి రా."

కోడలికి నోరు మూసుకోవడం ఇంకా చేతకాలేదు. తమ కుండలోదంతా ముసలమ్మ కుండలోకి దులిపి, పాలూ తేనే పట్టుకుని వీధి దాటింది. గుమ్మంలోనే చెప్పేసింది. "మీది రొట్టెల్లో అయిపోయింది మామ్మా. ఇది మాది, ఉన్నదంతా తెచ్చాను. మీ అమ్మగారి కాలంలో వచ్చింది కూడా మాదేనట. మేక బోర్లించిందట."

తాడు బిగిస్తున్న భర్త చెయ్యి ఆగిపోయింది. ముసలమ్మ తల వంచుకుంది. ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని కోడలు భయపడింది. ఆవిడ నవ్వుతోంది.

"ఆ మేకని మా అమ్మ కిటికీలోంచి చూసింది" అంది ముసలమ్మ. "మీ అవ్వకి చెప్పకు. అది బోర్లించింది కూడా మాది కాదు. ఆ ఏడు చలికి మాది చచ్చిపోతే, పండగ ముందు మా అమ్మ మీ అవ్వకి తెలియకుండా వాళ్లత్తగారిని అడిగి ఓ ముద్ద తెచ్చుకుంది. మీకివ్వడానికి మా దగ్గర ఏదో ఒకటి ఉండాలి కదా. రాజుల సంగతి చెప్పీ చెప్పీ, ఇది నేనే మరిచిపోయాను."

"మరి అసలుది ఎవరిది?" అన్నాడు భర్త.

ముసలమ్మ కుండలోని ముద్దని బల్ల మీద వేసి రెండు చేసింది. "ఒకటి పట్టుకెళ్లు. రేపు మీ ఇంట్లోనూ రొట్టె కావాలిగా."

"ఇందులో మాదేది?"

"పొద్దున పొంగాక చూసుకుందాంలే."

భర్త మూట ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు ముడితో తంటాలుపడ్డాడు. చివరికి తలెత్తి, "అమ్మాయ్, ఇలా రా. నీ వేళ్లు సన్నం, దీన్ని విప్పు" అన్నాడు.

కోడలు ఆ మూటని చూసింది. "ఎక్కడికైనా వెళ్తున్నారా?"

"అబ్బే, లేదు. దుప్పట్లు ఎండలో వేద్దామని."

బయట పొద్దు ఎప్పుడో కుంకింది. కోడలు ఆ మాట ఎత్తకుండా కూర్చుని ముడి విప్పింది.