అతుకు మీద అరచెయ్యి

ఎవరైనా ప్రశ్న అడిగితే పరాంకుశం గారు వెంటనే జవాబు చెప్పేవారు కాదు. చదువుతున్న పుస్తకం మూసి, అడిగినవాళ్ల ముఖంకేసి కాసేపు చూసేవారు. అమలాపురంలో సాయంత్రాలు ఆయన దగ్గర వేదాంతం చదువుకునే నలుగురైదుగురిలో సుభద్ర ఒకతె. ఆమె కొడుక్కి విషజ్వరం వచ్చి తగ్గింది. పిల్లాడు లేచి తిరుగుతున్నా ఆమె వాణ్ని బడికి పంపడం లేదు, వీధిలోకి వదలడం లేదు. వాడు నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటోంది.

"జాగ్రత్త ఎక్కడ ఆగాలి గురువుగారూ?" అని అడిగింది ఆ రోజు.

ఆయన చెప్పింది ఇది.

గోదావరి సముద్రంలో కలిసే చోట ఒక ఊళ్లో అచ్యుతం అనే డ్రాయింగు మాస్టరు ఉండేవాడు. అతని అన్న పాత చెక్కపడవలో రేవు దాటుతుండగా నడి ఏట్లో అడుగు అతుకు విచ్చుకుని పడవతోపాటు మునిగిపోయాడు. ఆ తరవాత అచ్యుతం ఏళ్లపాటు నీళ్ల దగ్గరికి పోలేదు. చివరికి, తన పడవ తనే చేసుకుంటే తప్ప ఈ భయం వదలదనుకున్నాడు. ప్లైవుడ్ పలకలు కోసి, రాగి తీగతో కుట్టి, అతుకుల్లో ఆరితే రాయిలా గట్టిపడే రెసిన్ జిగురు ముద్ద నింపి, దానిమీద ఫైబర్ టేపు పరిచాడు. రెసిన్ బాగా పీల్చుకుంటే తెల్లటి టేపు గాజులా తేటపడిపోతుంది. ఎక్కడైనా తెలుపు మిగిలితే అక్కడ పట్టు లేనట్టు. భూతద్దం పెట్టి వెతికినా తెలుపు కనబడలేదు. అక్కడితో పని అయిపోవాలి.

కాలేదు. టేపు అంచులు తెలియకుండా పుట్టీ పెట్టి, పొడవాటి చెక్కకి ఉప్పుకాగితం చుట్టి నున్నగా రుద్దాడు. రుద్దేసరికి టేపు నేత పైకి తేలింది. అరిగిపోయిందేమో! మళ్లీ టేపు వేశాడు. మళ్లీ పుట్టీ, మళ్లీ రుద్దుడు, మళ్లీ అదే అనుమానం. తరవాత అతుకులకి వేసింది చాలదని అడుగంతా ఫైబర్ గుడ్డ పరిచి రెసిన్ పట్టించాడు.

"ఇంకెన్ని పూతలండీ?" అంది భార్య హైమవతి.

"అన్నయ్య ఎక్కినప్పుడు కూడా ఆ పడవ గట్టిదనే అన్నారు."

ఇద్దరు ఎత్తాల్సిన పడవని నీళ్లలోకి దింపడానికి వీధి వీధంతా రావలసి వచ్చింది.

భార్యాభర్తలిద్దరే ఎక్కారు. హైమవతి లంకల్లో పుట్టిన మనిషి, తెడ్డు ఆమే పట్టుకుంది. అచ్యుతం అడుగున చతికిలబడి అతుకు మీద అరచెయ్యి ఆనించాడు. పొడిగానే ఉంది. ఇంకాస్త అటు జరిపాడు. అక్కడా పొడిగానే ఉంది. అతను ఏటివైపు తలెత్తలేదు. ఎత్తితే, పూతల బరువుకి దిగబడిన పడవ అంచుకీ నీళ్లకీ మధ్య బెత్తెడే ఖాళీ ఉందని తెలిసేది.

నడి ఏట్లో ఎదురుగాలి లేచింది. ఒక కెరటం అంచు దాటి అతని వీపు మీద పడింది. చల్లటి నీళ్లు అరచేతి కిందికి చేరగానే "విచ్చుకుంది!" అని కేక పెట్టాడు. రెండు చేతులతో అతుకుని అదిమిపట్టాడు. నీళ్లు ఒళ్లోకి వచ్చాయి. అన్న కూడా ఇలాగే అదిమిపట్టి ఉంటాడన్న ఆలోచన తప్ప అతనికి ఇంకేమీ తోచలేదు.

"అక్కడ కాదండీ! పైనుంచొస్తున్నాయి, తోడండి!" అని అరిచింది హైమవతి.

అతను చేతులు తియ్యలేదు. తీస్తే ఇద్దరం పోతామనుకున్నాడు. ఆమె తెడ్డు లోపలికి లాగి, అతని మణికట్లు పట్టి గుంజి, చేతిలో గిన్నె పెట్టింది. అతను తోడుతూ, ఆమె తెడ్డు వేస్తూ, ఇసుక మేట దాకా ఎలా వచ్చారో ఇద్దరికీ తెలియదు. మేట తగులుతూనే ఇంకో కెరటం పడవని నింపేసింది. దిగి ఇసుకలో కూలబడ్డారు.

పోటు తీసి నీళ్లు వెనక్కి పోయాక పడవ మేట మీద మిగిలింది. లోపలి నీళ్లు మాత్రం అంచుల దాకా అలాగే నిలిచి ఉన్నాయి. ఏ అతుకులోంచీ ఒక్క బొట్టు కారలేదు. అచ్యుతం ఆ నీళ్లకేసి చూస్తూ, అన్న పోయాక మొదటిసారి, బావురుమని ఏడ్చాడు.

"అయితే భయపడొద్దంటారా?" అంది సుభద్ర.

"ఆ మాట నేననలేదమ్మా," అన్నారు పరాంకుశం గారు. "అతని భయం నిజమైనదే. నీళ్లు తోడడానికి చేతులే ఖాళీగా లేవు."