చెవికి శంఖం పెట్టుకున్న తీతువమ్మ

ఒకప్పుడు తీతువు పిట్ట ఇలా గొంతు చించుకుని అరిచేది కాదు. మా గోదారి లంకలో దానంత తీయని గొంతు ఇంకెవరికీ లేదంటే నమ్ముతారా? నమ్మాలి మరి, చెప్పేది నేను!

ఆ రోజుల్లో ఫోన్లూ టీవీలూ ఎక్కడివి! లంకలో కబుర్లన్నీ తీతువమ్మే చెప్పేది. పొద్దున్నే రేవులో వాలి, "అవతలి ఒడ్డున చేపలు బాగా పడుతున్నాయి. ఇవతల నక్క తిరుగుతోంది, జాగ్రత్త" అనేది. అంతే. విని ఎవరి పనికి వాళ్లు పోయేవాళ్లు.

ఒకసారి సముద్రపు కాకి ఆమెకో శంఖం తెచ్చిచ్చింది. "చెవి దగ్గర పెట్టుకో వదినా. లోకంలో ఏ మూల ఏం జరిగినా ఇందులో వినబడుతుంది" అంది.

తీతువమ్మ పెట్టుకుంది. అమ్మ బాబోయ్! ఎక్కడో దీవిలో కొండ నిప్పులు కక్కుతోందిట. ఇంకెక్కడో తిమింగలం ఒడ్డున పడి చచ్చిపోయిందిట. ఏదో దేశంలో రెండు డేగలు రాజ్యం కోసం పొడుచుకుంటున్నాయిట. ఆమె రొప్పుతూ వచ్చి చెబుతుంటే పిట్టలన్నీ నోళ్లు తెరుచుకుని విన్నాయి. నక్క సంగతి చెప్పినప్పుడు ఇంతమంది ఎప్పుడైనా చేరారా?

ఇక ఆ శంఖం దించబుద్ధి కాలేదు. తింటూ వినేది, ఎగురుతూ వినేది. నీళ్లకి దగ్గరగా ఇసుకతిన్నె మీద ఆమె పెట్టిన గుడ్లున్నాయి. వాటిని పొదగడం తీతువయ్య నెత్తిన పడింది.

"ఏమేవ్, కాసేపు నువ్వు కూర్చోవే. ఆకలేస్తోంది" అనేవాడు పాపం.

"ఉండండీ, డేగల యుద్ధం ఎటు తేలుతుందో వింటున్నా!"

ఆషాఢంలో ఒకనాడు లంకలో చక్కగా ఎండ కాస్తోంది, చినుకన్న మాట లేదు. కానీ పైన ఎక్కడో వానలు పడి గోదాట్లోకి ఎర్రనీరు దిగింది.

ముందు చూసింది కొంగ మాస్టారు. శాస్త్రం తెలిసినవాడు. తన కాలితో నీటిలోతు కొలవడమే ఆయన పని. "ఇందాక మడమ దాకా ఉంది, ఇప్పుడు మోకాలి దాకా వచ్చింది. పొద్దువాలేసరికి తిన్నె మునుగుతుంది" అని లెక్క తేల్చాడు.

"మరి తీతువమ్మకి చెప్పొద్దా మాస్టారూ?" అంది ఎండ్రకాయ, పిల్లల్ని పొట్టకి కరుచుకుని గట్టెక్కుతూ.

"భలేదానివే! లోకమంతా తెలిసిన మనిషికి నేను చెప్పాలా? నా పని కొలవడం. చెప్పడం ఆవిడ పని."

అదీ నిజమేలే అనుకుంది ఎండ్రకాయ. లంకలో అందరూ అలాగే అనుకున్నారు. ఎవరి పిల్లల్ని వాళ్లు తీసుకుని గట్టెక్కారు.

తీతువమ్మ అప్పుడు అవతలి ఒడ్డున పొలంలో ఉంది. ఎక్కడో ఉత్తరాన మంచు కరిగి ఎలుగుబంటి పిల్ల కొట్టుకుపోతోందిట. "అయ్యో, దాని తల్లి ఏమి చేస్తోందో!" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

కళ్లు తుడుచుకుని తలెత్తి చూసేసరికి ఏట్లో తిన్నె లేదు.

ఒక్క ఎగురు ఎగిరింది. తిన్నె ఉన్నచోట ఎర్రనీళ్లు సుడులు తిరుగుతున్నాయి. రెల్లుదుబ్బు పక్కన తీతువయ్య తడిసి ముద్దయి నిలబడ్డాడు. గుడ్లు ఏవీ?

"నీళ్లొస్తుంటే చూసుకోలేదేమండీ! ముందే గట్టు మీదకి దొర్లించలేకపోయారా?"

తీతువయ్య తడిసిన రెక్కలు విదిలించుకున్నాడు.

"కాళ్ల కింద చెమ్మ తగిలింది. వరదే అయితే నువ్వు చెప్పకుండా ఉంటావా అని కూర్చున్నానే" అన్నాడు.

తీతువమ్మ శంఖాన్ని గోదాట్లోకి విసిరేసింది. గుడ్లు కొట్టుకుపోయిన దారంతా నీళ్ల మీద తిరుగుతూ ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి ఆ తీయని గొంతు చీలిపోయింది, కళ్ల పక్కన తోలు ఎర్రబడిపోయింది. గుడ్లు మాత్రం దొరకలేదు.

అప్పటినుంచే తీతువు ముఖం మీద ఆ ఎరుపు. అప్పటినుంచే చిన్న అలికిడైనా చాలు, పగలనక రాత్రనక తన గుడ్ల చుట్టూ తిరుగుతూ అలా అరుస్తుంది. ఊళ్లో కబురు ఒక్కటీ మోయదు. మనమేమో ఆ అరుపు వినబడగానే ఎవరికో కీడు మూడిందనుకుంటాం. ఎక్కడ ఏం జరిగిందోనని ఫోను తీసి చూస్తాం.