వేలు కదపని వడ్రంగి

కుంభగిరి అని ఒక రాజ్యం. దాన్ని ఏలే ఉద్దండవర్మకు తన శాసనాలంటే మహా మురిపెం. తుమ్మితే ఒకటి, దగ్గితే ఒకటి చాటింపు వేయించేవాడు.

సముద్రం అవతలి దీవి నుంచి తురాన్ అనే వడ్రంగి ఆ రాజ్యానికి వచ్చాడు. ఊయలలు చేయడంలో దిట్ట. ఉప్పెనలో ఇల్లూ ఊరూ కొట్టుకుపోయాయి. ఇక్కడ పని దొరికితే పెళ్ళాన్నీ పిల్లనీ రప్పించుకోవాలని అతని ఆశ. రాజుగారి ముందు సాగిలపడి అనుమతి అడిగాడు.

రాజు మీసం దువ్వాడు. "మా రాజ్యంలో నువ్వు చేసిన పని చూపించు, అనుమతి ముద్ర వేస్తాం. ముద్ర పడేదాకా మాత్రం ఏ పనీ చేయరాదు. చేశావో, ఓడెక్కించి పంపేస్తాం!"

పని చూపితేగానీ ముద్ర లేదు, ముద్ర పడితేగానీ పని లేదు. పాపం, తురాన్ సత్రం అరుగు మీద కూలబడ్డాడు. ఆస్థాన విదూషకుడు బుచ్చన వచ్చి భుజం తట్టాడు.

"దిగులుపడకు నాయనా. రాజాజ్ఞ తు.చ. తప్పకుండా పాటిద్దాం. నువ్వు వేలు కూడా కదపకు."

మర్నాడు కొలువులో రాజుకు చెమటలు పట్టాయి. వింజామరలు వీచేవాళ్ళు లేరు. భోజనానికి వెళితే వంటవాడూ లేడు. మండిపడుతూ వెతుక్కుంటూ సత్రానికి వచ్చాడు.

అక్కడ తురాన్ పట్టు పరుపు మీద బిక్కచచ్చి కూర్చున్నాడు. ఇద్దరు వీస్తున్నారు. వంటవాడు పప్పూ నెయ్యీ కలిపి నోటికి అందిస్తున్నాడు. పక్కనే బుచ్చన నిలబడి అజమాయిషీ చేస్తున్నాడు.

"బుచ్చనా! ఏమిటీ ఘోరం?"

"తమ ఆజ్ఞే ప్రభూ! ముద్ద కలుపుకోవడం పనే, విసురుకోవడమూ పనే. ఇతగాడు పొరపాటున ఈగను తోలుకున్నా శాసనభంగమని మనవాళ్ళను పెట్టాను."

తురాన్ నోట్లో ముద్దతోనే చేతులు జోడించాడు. "మహాప్రభో! ఓడైనా ఎక్కించండి, ఉలైనా ఇప్పించండి. ఈ రాజభోగం ఒక్క పూటకే నా ప్రాణం తీసింది. తమరు రోజూ ఎలా భరిస్తున్నారో!"

సేవకులు బిగుసుకుపోయారు. రాజు మీసం ఒకసారి అదిరింది. ఆపైన పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వాడు.

నవ్వు తగ్గాక శాసనం గుర్తొచ్చింది. "సరేగానీ, ఇక్కడ చేసిన పని చూపనిదే ముద్ర ఎలా వేసేది?"

"ఇప్పుడే చూశారు కదా ప్రభూ! తమర్ని నవ్వించాడు. ఇన్నేళ్ళుగా నాకు జీతమిస్తున్నది ఆ పనికే!"

రాజు మళ్ళీ పగలబడి నవ్వాడు. తన చేత్తోనే ముద్ర వేసి, తురాన్‌కు టేకు దుంగలూ, బుచ్చనకు తన మెడలోని హారమూ ఇచ్చాడు. తురాన్‌ను తిప్పి పంపాల్సిన ఓడలోనే అతని పెళ్ళానికీ పిల్లకీ రమ్మని కబురు వెళ్ళింది.

వంటవాడు అలవాటుగా ఇంకో ముద్ద కలపబోతే, తురాన్ విస్తరి తనవైపు లాక్కున్నాడు. ఆ పూట తన చేత్తో తనే కలుపుకుని కడుపారా తిన్నాడు.