నలభై రోజుల లంఖణం

మణిగిరి అనే ఒకానొక రాజ్యంలో విషజ్వరాలు పుట్టాయి. రాజు భద్రకేతుడు రాజవైద్యుడు శరభాచార్యుల మాట విని, ఎవరూ ఇల్లు కదలకూడదని దండోరా వేయించాడు. వీధివీధికీ ముళ్ళకంచె వేయించాడు. నిజం చెప్పుకోవాలంటే మంచిపనే చేశాడు. నెల తిరిగేసరికి జ్వరాలు మాయమయ్యాయి.

కంచెలు మాత్రం కదల్లేదు. రాజు తనకు తానే 'జ్వరాంతక' అని బిరుదు తగిలించుకున్నాడు మరి. ఆ బిరుదు చదవడానికి మనుషులు కావాలి గనుక కొలువువారికి మాత్రం మినహాయింపు.

ఆ కొలువులో బుచ్చన అనే చమత్కారి ఉండేవాడు. అతని కూతురు లచ్చి తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. నెలలు నిండాయి. మంత్రసాని పోలమ్మ ఇల్లు చూస్తే కంచెకు అవతల. బెంగతో బుచ్చన నవ్వడమే మరిచిపోయాడు.

వెళ్ళి రాజుతో తన గోడు చెప్పుకున్నాడు. శరభాచార్యులు మీసం దువ్వుతూ, "కంచెల వల్లే కదా జ్వరంతో ఒక్కరూ పోవడం లేదు. మరో నలభై రోజులు కంచెలు ఉండాల్సిందే. కాన్పు జ్వరం కాదు కదా, అది నా లెక్కలోకి రాదు" అన్నాడు. రాజు ఔనన్నాడు.

అంతలో రాజుకే పడిశం పట్టి ఒళ్ళు కాలింది. శరభాచార్యులు రెండురోజులు లంఖణం పెట్టాడు. మూడోనాటికి ఒళ్ళు చల్లబడింది. రాజు ఆవకాయ జాడీ దగ్గర పెట్టించుకుని, ఆవురావురుమంటూ విస్తరి ముందు కూర్చున్నాడు. బుచ్చన వచ్చి ఆ విస్తరి మడిచేశాడు.

రాజు మండిపడ్డాడు. బుచ్చన చేతులు కట్టుకుని, "లంఖణంతోనే కదా ప్రభూ జ్వరం తగ్గింది. మరో నలభై రోజులు చేస్తే ఇక ఈ ఛాయలకే రాదు" అన్నాడు.

"నలభై రోజులా? ఆకలితో చస్తానయ్యా."

"ఆకలి జ్వరం కాదు కదా ప్రభూ. వైద్యులవారి లెక్కలోకి రాదు."

రాజు వైద్యుడి వంక చూశాడు. వైద్యుడు పైకప్పు చూశాడు. రాజుకు నవ్వు ఆగలేదు. అయితే కంచెలన్నీ ఇవాళే పీకించేయమంటావా అని అడిగాడు.

"లంఖణం విడిచిన రోజే ఆవకాయ తింటామా ప్రభూ? ముందు జావ. అంటే మంత్రసానినీ, పాలవాళ్ళనీ వదలండి. తరవాత బీరకాయ పథ్యం, అంటే మగ్గాలూ కొట్లూ. జ్వరం మళ్ళీ తలెత్తకపోతే ఆఖరున ఆవకాయ, అంటే తిరునాళ్ళు."

ఆ వరస సరైనదేనని శరభాచార్యులూ ఒప్పుకోక తప్పలేదు. రాజు తన చేతి కంకణం తీసి బుచ్చనకు తొడిగాడు.

పోలమ్మ వేళకు అందింది. పొద్దు వాలకముందే లచ్చి పండంటి ఆడపిల్లను కన్నది. బుచ్చన కళ్ళనిండా నీళ్ళతో, నోటినిండా నవ్వుతో ఆ కబురు మోసుకొచ్చాడు.

జావ తాగుతున్న రాజు సంతోషించి, ఈ శుభవేళ ఒక్క ముక్క అంటూ జాడీ వైపు చెయ్యి చాచాడు. బుచ్చన జాడీని మెల్లగా పక్కకు జరిపాడు.

"తిరునాళ్ళనాడు ప్రభూ. ఊరితో పాటే."